జపాన్ రైస్ కుక్కర్‌ని మన 230 వోల్టుల ఇంట్లో నడపడం ఎలా? స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొనే ముందు, కొన్నాక

జపాన్‌లో చదువో ఉద్యోగమో ముగించుకుని వరంగల్, కరీంనగర్, నిజామాబాద్ వైపు తిరిగొచ్చేవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఇదే: "రైస్ కుక్కర్ తెచ్చుకున్నాం, ఇక్కడి ప్లగ్గులో పెట్టొచ్చా?" నేరుగా పెట్టకూడదు. అక్కడి ఇళ్లకు వచ్చేది 100 వోల్టులు, మనకు 230. 100 వోల్టుల హీటర్‌కు 230 ఇస్తే అది లాగే పవర్ ఐదు రెట్లు దాటుతుంది. ప్లగ్ పెట్టిన క్షణంలోనే లోపల ఏదో ఒకటి పేలిపోవచ్చు.

మధ్యలో స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలని చాలామందికి తెలుసు. నష్టపోయేది ఆ తర్వాతి విషయంలో. షాపుల్లో దొరికేవి ఎక్కువగా అమెరికా సామాన్ల కోసం చేసిన 110 వోల్టులవి. జపాన్ వస్తువుకు కావాల్సింది 100. "పదే కదా సార్ తేడా, ఏం గాదు" అని కౌంటర్ దగ్గర చెప్తారు. అవుతుంది. ఎలా అవుతుందో లెక్కతో సహా కింద రాశాను.

కావాల్సినవి

- వస్తువు మీదున్న లేబుల్, దాన్ని ఫోటో తీసుకోవడానికి ఫోన్
- డిజిటల్ మల్టీమీటర్. సాదాది చాలు, కానీ ఏసీ వోల్టేజీ 600 వరకైనా చూపించాలి
- 230 నుంచి 100 వోల్టులకు తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్. ఎంత కెపాసిటీదో 2వ మెట్టులో చూడండి
- ఎర్తింగ్ సరిగ్గా ఉన్న 16 ఆంపియర్ల సాకెట్
- పాత రకం 100 వాట్ల ఫిలమెంట్ బల్బు, హోల్డరు, మన ప్లగ్గును చప్పిడి పిన్నుల సాకెట్‌లో పెట్టే అడాప్టర్. ఎల్ఈడీ బల్బు పనికిరాదు
- ఇస్త్రీ పెట్టె, టెస్టింగ్ కోసం
- మీ ఊళ్లో వోల్టేజీ బాగా ఎక్కువతక్కువలు అవుతుంటే స్టెబిలైజర్

మల్టీమీటర్ వాడటం అలవాటు లేకపోతే 3, 6, 7, 8 మెట్లకు తెలిసిన ఎలక్ట్రీషియన్‌ని పిలిచి దగ్గరుండి చేయించుకోండి. టెస్టర్ వెలిగిందా లేదా అని చూసి పంపించేసే పని కాదిది.

1. ముందు లేబుల్ చదవండి

వస్తువు అడుగునో వెనకో స్టిక్కర్ ఉంటుంది. జపనీస్ రాకపోయినా ఇబ్బంది లేదు, అంకెలు, వాటి పక్కనున్న ఇంగ్లిష్ అక్షరాలు చాలు.

వోల్టుల దగ్గర 100-240 అని ఉంటే మీకు ట్రాన్స్‌ఫార్మర్ అక్కర్లేదు. ల్యాప్‌టాప్, ఫోన్, కెమెరా చార్జర్లు దాదాపు అన్నీ ఇలాంటివే. చప్పిడి పిన్నుల ప్లగ్గుకు అడాప్టర్ పెట్టుకుంటే సరిపోతుంది. ఉత్త 100 అని ఉంటే మాత్రమే ముందుకెళ్లండి.

తర్వాత వాట్లు చూసి రాసుకోండి. వాట్లు లేకుండా ఆంపియర్లే ఉంటే 100తో గుణించండి. మైక్రోవేవ్ విషయంలో చాలామంది ఇక్కడే పొరబడతారు. దాని మీద రెండు మూడు వాట్ల అంకెలు ఉంటాయి. 600 అన్నది ఆహారానికి అందే వేడి. అది కరెంటు నుంచి లాగేది 1000 నుంచి 1400 దాకా ఉంటుంది. మనకు కావాల్సింది ఆ పెద్ద అంకె.

మూడోది హెర్ట్జ్, అంటే కరెంటు సెకనుకు ఎన్నిసార్లు అటూ ఇటూ ఊగుతుందో చెప్పే అంకె. జపాన్ ఒకే దేశమైనా టోక్యో వైపు 50 హెర్ట్జ్, ఒసాకా వైపు 60 హెర్ట్జ్ కరెంటు వస్తుంది. 1890లలో టోక్యో కంపెనీ జర్మనీ జనరేటర్లు, ఒసాకా కంపెనీ అమెరికా జనరేటర్లు కొన్నాయి. ఆ తేడా ఈరోజుకీ అలాగే ఉండిపోయింది. మనది 50. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టులు తగ్గిస్తుంది కానీ హెర్ట్జ్ మార్చలేదు. లేబుల్ మీద 50/60 అని రెండూ ఉంటే నిశ్చింతగా ఉండండి, ఇప్పటి రైస్ కుక్కర్లన్నీ దాదాపు అంతే. 60 ఒక్కటే ఉన్న పాత మైక్రోవేవ్, పాత వాషింగ్ మెషీన్, ఏసీ మోటార్‌తో తిరిగే రికార్డు ప్లేయర్ తెచ్చుకుంటే ఎంత ఖర్చుపెట్టి ట్రాన్స్‌ఫార్మర్ కొన్నా లాభం లేదు. వాటిని అక్కడే ఎవరికైనా ఇచ్చేసి రండి.

2. ఎంత కెపాసిటీ?

హీటర్ రకం వస్తువైతే లేబుల్ వాట్లకు ఒకటిన్నర రెట్లు. మోటార్ ఉన్నవాటికి రెండున్నర నుంచి మూడు రెట్లు, ఎందుకంటే స్టార్ట్ అయ్యేటప్పుడు అవి ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతాయి. మైక్రోవేవ్‌కు రెండు రెట్లు.

జోజిరుషి, టైగర్, పానసోనిక్ లాంటి ఐదున్నర కప్పుల ఇండక్షన్ రైస్ కుక్కర్ సుమారు 1200 వాట్లు లాగుతుంది. దానికి 2 కేవీఏ (ట్రాన్స్‌ఫార్మర్ కెపాసిటీని వీఏ, కేవీఏల్లో చెప్తారు. 1 కేవీఏ అంటే 1000 వీఏ, ఇక్కడ వీఏను వాట్లలాగే లెక్కపెట్టుకోండి). మామూలు హీటర్ ప్లేటు ఉన్న కుక్కర్ 600, 700 వాట్లే ఉంటుంది, 1 కేవీఏ సరిపోతుంది. ఇంట్లో వాడే కుట్టు మిషన్‌కు 300 నుంచి 500 వీఏ చాలు. మైక్రోవేవ్‌కు 3 కేవీఏ కావాలి. జపాన్ ఇళ్లలో మామూలు సాకెట్టు 15 ఆంపియర్లదే, అంటే 1500 వాట్లు మించిన వస్తువుకు అక్కడి మామూలు ప్లగ్ ఉండదు. కాబట్టి ఒకసారికి ఒక్క వస్తువే వాడేవాళ్లకు 3 కేవీఏ దాటి కొనాల్సిన అవసరం సాధారణంగా రాదు.

హెయిర్ డ్రయ్యర్ గురించి చాలామంది అడుగుతారు. అది 1200 వాట్లు లాగుతుంది. పది నిమిషాలు జుట్టు ఆరబెట్టుకోవడానికి పదిహేను కిలోల బరువున్న పెట్టెను బాత్రూమ్ పక్కన పెట్టుకోవడం నాకు సబబు అనిపించదు. ఇక్కడే ఒకటి కొనుక్కోండి. రైస్ కుక్కర్, కుట్టు మిషన్, మంచి ఆడియో యాంప్లిఫయర్, ఈ మూడింటికి ట్రాన్స్‌ఫార్మర్ ఖర్చు గిట్టుబాటు అవుతుంది.

కొన్ని పెట్టెల మీద 2000 వాట్లు అని పెద్ద అక్షరాల్లో వేసి ఉంటుంది, అది కొన్ని నిమిషాలు మాత్రమే మోయగల లోడు కావచ్చు. "గంటసేపు ఆగకుండా ఎంత మోస్తుంది?" అని అడగండి. మన దగ్గర మే నెల ఎండల్లో 43, 44 డిగ్రీలు ఉంటుంది, వంటగదిలో ఇంకా ఎక్కువ. చల్లని రోజున సరిపోయిన ట్రాన్స్‌ఫార్మర్ ఆ వేడికి తట్టుకోలేకపోవచ్చు. ఒకటిన్నర రెట్లు అన్నది అందుకే.

3. 110 కాదు, 100. ముందు మీ ఇంటి వోల్టేజీ కొలవండి

జపాన్ చట్టం ప్రకారం ఇళ్లకు వచ్చే కరెంటు 101 వోల్టులకు ఆరు అటూ ఇటూ ఉండాలి. అంటే 95 నుంచి 107. అక్కడి వస్తువులు ఆ హద్దుల్లో బతకడానికే తయారవుతాయి. ఈ రెండు అంకెలు గుర్తుపెట్టుకోండి, మొత్తం పనికి ఇవే కొలబద్ద.

ఇప్పుడు 230/110 ట్రాన్స్‌ఫార్మర్ తీసుకోండి. మీ ఇంట్లో సరిగ్గా 230 ఉన్నప్పుడే అది 110 ఇస్తుంది, అప్పటికే హద్దు దాటింది. హీటర్ 21 శాతం ఎక్కువ వేడెక్కుతుంది. రాత్రి లోడు తగ్గి మెయిన్స్ (గోడ సాకెట్‌కు వచ్చే కరెంటు) 250కి లేచిందనుకోండి, అవతల దాదాపు 120 వస్తుంది. హీటర్ మీద భారం 43 శాతం ఎక్కువ. మొదటి రోజు ఏమీ కాదు, అన్నం చక్కగా ఉడుకుతుంది, "ఏం గాలేదు కదా" అనిపిస్తుంది. లోపలి సర్క్యూట్ బోర్డు, హీటరు మాత్రం మెల్లగా అరిగిపోతుంటాయి.

అదే 230/100 ట్రాన్స్‌ఫార్మర్ అయితే మెయిన్స్ 218 నుంచి 246 మధ్య ఉన్నంతసేపు అవతల 95, 107 హద్దుల్లోనే ఉంటుంది. కాబట్టి కొనే ముందు మీ ఇంటి వోల్టేజీ మీకు తెలియాలి. ఒక్కసారి కొలిస్తే చాలదు. చుట్టూ బోరు మోటార్లు నడిచే సమయంలో ఒకసారి, సాయంత్రం అందరి ఇళ్లలో లైట్లు, ఏసీలు ఉన్నప్పుడు ఒకసారి, అర్ధరాత్రి దాటాక లేదా తెల్లవారుజామున ఒకసారి కొలిచి రాసుకోండి. వారంలో వేర్వేరు రోజులు చూస్తే ఇంకా మంచిది. హన్మకొండలో ఇల్లు ఉన్నవాళ్లకు ఒక తీరు, పర్వతగిరి వైపో హుజూరాబాద్ వైపో వ్యవసాయ మోటార్ల మధ్య ఇల్లు ఉన్నవాళ్లకు ఇంకో తీరు ఉంటుంది.

218 కంటే తక్కువకో 246 కంటే ఎక్కువకో తరచూ పోతుంటే స్టెబిలైజర్ తప్పదు. వరుస ఇలా ఉండాలి: గోడ సాకెట్, స్టెబిలైజర్, ట్రాన్స్‌ఫార్మర్, వస్తువు. స్టెబిలైజర్ కెపాసిటీ ట్రాన్స్‌ఫార్మర్ కంటే తక్కువ ఉండకూడదు. మీ ఇంట్లో ఎప్పుడూ 245 దగ్గరే నిలకడగా ఉంటే స్టెబిలైజర్ కొనకుండా, ట్రాన్స్‌ఫార్మర్‌నే 245 నుంచి 100కు చుట్టించుకోవచ్చు. అలా కాకుండా మామూలుగా ఉండాల్సిన వోల్టేజీ మీ వీధి మొత్తానికి రోజంతా రావడం లేదంటే అది మీ ఇంటి సమస్య కాదు. హన్మకొండ కేంద్రంగా పనిచేసే ఉత్తర తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థ మీ సెక్షన్ ఆఫీసులో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి.

4. ఏ రకం?

ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్: రెండు వేర్వేరు వైండింగులు (తీగ చుట్టలు) ఉంటాయి. బరువు, ధర ఎక్కువ. లోపల తీగ తెగితే అవతల కరెంటు ఆగిపోతుంది, అంతే.

ఆటో ట్రాన్స్‌ఫార్మర్: ఒకటే వైండింగ్, మధ్యలో నుంచి 100 వోల్టుల తీగ తీస్తారు. చిన్నది, తేలిక, చవక. దీంతో ఉన్న ప్రమాదం తెలుసుకుని కొనండి. వైండింగ్‌లో కింది భాగం తెగిపోతే మెయిన్స్ వోల్టేజీ నేరుగా మీ కుక్కర్‌కు చేరుతుంది. గోడ సాకెట్‌లో ఫేజ్, న్యూట్రల్ తారుమారై ఉంటే 100 వోల్టుల వైపు కూడా తాకినప్పుడు 230 షాక్ కొడుతుంది.

రోజూ వాడే కుక్కర్‌కు ఐసోలేషన్ రకమే తీసుకోమని నేను గట్టిగా చెప్తాను. పిల్లలు తిరిగే వంటగదిలో ఆ తేడా కోసం డబ్బు పెట్టడం దండగ కాదు.

వద్దనేవి రెండు. అరచేతిలో పట్టేంత తేలికైన ట్రావెల్ కన్వర్టర్ మీద 1500 వాట్లు అని రాసి ఉన్నా నమ్మొద్దు. అది వోల్టేజీని తగ్గించదు, కరెంటు తరంగాన్ని ముక్కలు చేసి వదులుతుంది. సర్క్యూట్ బోర్డు ఉన్న ఏ వస్తువునూ దానికి పెట్టకూడదు. రెండోది, సౌదీ నుంచి తెచ్చిన పాత ట్రాన్స్‌ఫార్మర్. జగిత్యాల, కరీంనగర్ వైపు కొన్ని ఇళ్లలో అటక మీద ఇంకా ఉంటుంది. సౌదీలో చాలాకాలం ఇళ్లకు 127 వోల్టులు, 60 హెర్ట్జ్ కరెంటు ఉండేది. ఆ లెక్కకు చేసిన ట్రాన్స్‌ఫార్మర్ మన 50 హెర్ట్జ్ మీద ఎక్కువ వేడెక్కుతుంది. పైగా అది తగ్గించేది కాకుండా పెంచేది అయ్యే అవకాశం కూడా ఉంది. దాన్ని అటక మీదే ఉండనివ్వండి.

5. చుట్టించుకోవడం

100 వోల్టులది రెడీమేడ్‌గా దొరకడం కష్టం. హైదరాబాద్ వెళ్తే కోఠి దగ్గర ట్రూప్ బజార్‌లో వెతకొచ్చు. కానీ బోరు మోటార్లు కాలడం మన దగ్గర ఎక్కువ కాబట్టి వైండింగ్ చేసేవాళ్లకు కొదవ లేదు. వాళ్లలో ట్రాన్స్‌ఫార్మర్లు కూడా చుట్టేవాళ్లు ఉంటారు. మోటార్లు మాత్రమే చుట్టేవాళ్లకు ఈ పని ఇవ్వకండి. స్టెబిలైజర్లు తయారుచేసే లేదా రిపేర్ చేసే షాపులో అడగండి. ఆర్డర్ కాగితం మీద రాసి ఇవ్వండి, నోటిమాటగా వదలొద్దు:

- ఇన్‌పుట్ 230, అవుట్‌పుట్ 100 వోల్టులు, "లోడు మీద" అని స్పష్టంగా. లోడు లేనప్పుడు 103, 104 చూపించినా ఫర్వాలేదు
- 2 కేవీఏ, ఆగకుండా నడిచేది, ఐసోలేషన్ రకం
- రాగి తీగ. బిల్లు మీద కూడా రాగి అని రాయించండి
- ఇన్‌పుట్‌కు ఎంసీబీ (లోడు ఎక్కువైతే తనే పడిపోయే స్విచ్), అవుట్‌పుట్‌కు ఫ్యూజ్, వేడెక్కితే ఆగిపోయే థర్మల్ కటాఫ్
- ఇనుప పెట్టె బాడీకి ఎర్త్ కనెక్షన్
- అవుట్‌పుట్‌లో ఒకే ఒక సాకెట్, చప్పిడి పిన్నులు మాత్రమే పట్టేది

పెట్టె మూసే ముందు వెళ్లి చూడండి. తీగ చివర ఇనామిల్ గీకితే రాగి ఎర్రగా, అల్యూమినియం తెల్లగా కనిపిస్తుంది. బరువు చూసి రాగి అని నిర్ధారించుకోలేం, తీగ చుట్టే ఇనుప దిమ్మె (కోరు) బరువే ఎక్కువ ఉంటుంది.

ఎంసీబీ విషయంలో సీ కర్వ్ రకం పెట్టమనండి. ట్రాన్స్‌ఫార్మర్ ఆన్ చేసిన క్షణంలో ఒక్కసారిగా కరెంటు లాగుతుంది. బీ కర్వ్ ఉంటే ఏ తప్పూ లేకుండానే అది పడిపోతుంటుంది.

6. వస్తువు పెట్టకముందు చేయాల్సిన చెకింగ్

ఇది దాటేయకండి. ఇంటికి రాగానే కుక్కర్ పెట్టి చూడాలన్న ఆత్రం ఉంటుంది, అరగంట ఆగండి.

(అ) ట్రాన్స్‌ఫార్మర్ ప్లగ్ తీసేసి ఉండగా మల్టీమీటర్‌ను ఓమ్స్ మీద పెట్టండి. పెట్టె మీదున్న ఎంసీబీ ఆన్‌లో ఉండాలి. ఇన్‌పుట్ ప్లగ్ పిన్ను ఒకటి, అవుట్‌పుట్ సాకెట్ రంధ్రం ఒకటి పట్టి చూడండి, నాలుగు జతలూ. ఐసోలేషన్ రకమైతే ఏ జతలోనూ కనెక్షన్ చూపించకూడదు. కొద్ది ఓమ్స్ చూపిస్తే అది ఆటో ట్రాన్స్‌ఫార్మర్. ఐసోలేషన్ డబ్బులు తీసుకుని ఆటో ఇచ్చారేమో ఇక్కడే తేలిపోతుంది. అలాగే ఎర్త్ పిన్నుకీ పెట్టె బాడీకీ కనెక్షన్ ఉండాలి.

(ఆ) మీటర్‌ను ఏసీ వోల్టేజీ మీదకు మార్చి, గోడ సాకెట్‌లో పెట్టి అవుట్‌పుట్ కొలవండి. అదే నిమిషంలో గోడ సాకెట్‌లో ఎంత ఉందో కూడా కొలవండి. గోడలో 238 ఉంటే అవుట్‌పుట్ 103 నుంచి 108 మధ్య ఉండాలి. గోడ వోల్టేజీ చూడకుండా అవుట్‌పుట్ ఒక్కటే చూసి మంచిదనో చెడ్డదనో తేల్చడం మామూలుగా జరిగే తప్పు.

(ఇ) 100 వాట్ల ఫిలమెంట్ బల్బు హోల్డరును అడాప్టర్‌తో అవుట్‌పుట్ సాకెట్‌లో పెట్టండి. అది 230 వోల్టుల బల్బు కాబట్టి 100 మీద మసకగా, కాషాయ రంగులో వెలగాలి. తెల్లగా ధగధగ వెలిగిందంటే అవుట్‌పుట్‌లో 230 వస్తోంది, వెంటనే తీసేయండి. మీటర్ బ్యాటరీ అయిపోయి తప్పు అంకె చూపించినా బల్బు అబద్ధం చెప్పదు.

(ఈ) తర్వాత అదే అడాప్టర్‌తో మన ఇస్త్రీ పెట్టె. 1000 వాట్లది 100 వోల్టుల మీద 190 వాట్లే లాగుతుంది, దానికేమీ కాదు. ఇరవై నిమిషాలు ఉంచి వోల్టేజీ కదలకుండా ఉందా, కాలిన వాసన వస్తోందా చూడండి. కొత్తదానికి కాస్త వార్నిష్ వాసన రావడం మామూలే.

7. కనెక్షన్

ట్రాన్స్‌ఫార్మర్‌ను 16 ఆంపియర్ల సాకెట్‌కే పెట్టండి. ఇన్వర్టర్ లైన్ మీదున్న సాకెట్ వద్దు. చాలా ఇళ్లలో ఇన్వర్టర్లు స్క్వేర్ వేవ్ (గోడ కరెంటులా నునుపుగా కాకుండా మెట్లు మెట్లుగా వచ్చే కరెంటు) ఇస్తాయి. దాని మీద ట్రాన్స్‌ఫార్మర్ గీపెడుతుంది, ఇండక్షన్ కుక్కర్ పాడవుతుంది. కరెంటు పోతే అన్నం ఆగిపోతుందన్న టెన్షన్ వద్దు, స్టవ్ ఉండనే ఉంది.

ఎక్స్‌టెన్షన్ తప్పనిసరి అయితే ట్రాన్స్‌ఫార్మర్‌కు ముందు, 230 వైపు పెట్టండి. అవతలి వైపు వద్దు. 1200 వాట్లకు 230 మీద ఐదారు ఆంపియర్లు పారితే, 100 మీద 12 ఆంపియర్లు పారతాయి. సన్నని తీగ వేడెక్కుతుంది, వోల్టేజీ కూడా పడిపోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ పక్కనే కుక్కర్ ఉండాలి.

జపాన్ మైక్రోవేవ్, వాషింగ్ మెషీన్‌లకు ప్లగ్ పక్కనుంచి విడిగా ఒక ఆకుపచ్చ తీగ వేలాడుతుంటుంది. చాలామంది దాన్ని కత్తిరించేస్తారు. అది ఎర్త్ తీగ. ఎలక్ట్రీషియన్‌తో ఇంటి ఎర్తింగ్‌కు కలిపించండి.

సింకు పక్కన, గోడకు ఆనించి, గుడ్డ కప్పి ఉంచకండి. నాలుగు వైపులా జానెడు ఖాళీ వదలండి.

8. మొదటిసారి నడపడం

మొదట బియ్యం వద్దు. కుక్కర్‌లో నీళ్లు పోసి ఆన్ చేయండి, హీటర్ పూర్తిగా నడుస్తున్నప్పుడు వోల్టేజీ కొలవండి. ఇండక్షన్ కుక్కర్ ఆగి ఆగి లాగుతుంది కాబట్టి అంకె కిందికీ పైకీ కదులుతుంటుంది, తక్కువ అంకె రాసుకోండి. లోడు లేనప్పటి కంటే నాలుగైదు వోల్టులు తగ్గితే బాగున్నట్టు. గోడలో 218 కంటే తక్కువ లేకపోయినా 95 కంటే కిందికి పోతే ట్రాన్స్‌ఫార్మర్ చిన్నదైనట్టు లేదా తీగ సన్నగా వేసినట్టు. వెనక్కి తీసుకెళ్లండి.

గంట తర్వాత పెట్టె మీద వెనక చెయ్యి ఆనించండి. వెచ్చగా, వేడిగా ఉన్నా చెయ్యి ఉంచగలిగితే సరే. ఉంచలేకపోతే లోడు ఎక్కువైంది. సన్నగా హమ్మని మోగడం సహజం, పెద్దగా గర్‌మంటుంటే కోరు బిగింపు వదులుగా ఉంది.

ఇవన్నీ సరిగ్గా ఉండి అన్నం మాత్రం పలుకుగా వస్తే ట్రాన్స్‌ఫార్మర్‌ను అనుమానించకండి. గిన్నె లోపలి గీతలు జపాన్ పొట్టి బియ్యానికి, వాళ్ల 180 మిల్లీలీటర్ల కప్పుకు వేసినవి. బీపీటీకో తెలంగాణ సోనాకో నీళ్లు ఆ గీత కంటే ఎక్కువ పడతాయి. అరకప్పు చొప్పున పెంచుతూ మీ కొలత పట్టుకోండి.

9. ఇంట్లో అందరికీ చెప్పాల్సింది

మన మల్టీ ప్లగ్ బోర్డుల్లో చప్పిడి పిన్నులు కూడా దూరతాయి. ఇదే అసలు ప్రమాదం. మీరు లేనప్పుడు అత్తమ్మో, పనికొచ్చే అక్కో కుక్కర్‌ను నేరుగా గోడకు పెట్టేస్తారు, వాళ్ల తప్పేమీ లేదు. కుక్కర్ వైరును జిప్ టైతో ట్రాన్స్‌ఫార్మర్ హ్యాండిల్‌కు కట్టేయండి. ప్లగ్గుకు ఎర్ర టేపు చుట్టి "100 మాత్రమే" అని తెలుగులో రాయండి. ఇంట్లో ఉన్న ప్లగ్ అడాప్టర్లను వంటగదిలో ఉంచకండి. తిరగేసిన తప్పు కూడా జరుగుతుంది: మన మిక్సీని తెచ్చి ట్రాన్స్‌ఫార్మర్‌కు పెడతారు, అది తిరగలేక మూలుగుతుంది. చప్పిడి పిన్నుల సాకెట్ మాత్రమే పెట్టమన్నది ఇందుకే.

వాడకం అయిపోగానే గోడ దగ్గరే స్విచ్ ఆపండి, ఖాళీగా ఉన్నా ట్రాన్స్‌ఫార్మర్ కరెంటు తింటూనే ఉంటుంది. ఉరుములు, మెరుపులు ఉంటే ప్లగ్ పీకేయండి. స్తంభం దగ్గర న్యూట్రల్ తెగితే ఇళ్లకు 400 వోల్టుల దాకా రావచ్చు. దాన్ని ఏ ట్రాన్స్‌ఫార్మర్ ఆపలేదు. మెయిన్ బోర్డులో ఓవర్ వోల్టేజీ ప్రొటెక్టర్ పెట్టించుకుంటే కుక్కర్‌తో పాటు ఫ్రిజ్, టీవీ కూడా బతుకుతాయి.

పొరపాటున 230కి పెట్టేశారా?

ఠప్‌మని చప్పుడు వచ్చి ఆగిపోయిందంటే పారేయకండి. చాలా వస్తువుల్లో లోపలికి వచ్చే దారిలోనే ఒక ఫ్యూజ్, ఒక వేరిస్టర్ (ఎక్కువ వోల్టేజీకి అడ్డుపడే చిన్న భాగం) ఉంటాయి. వోల్టేజీ ఎక్కువైతే ముందు అవి పోతాయి, వెనకున్న బోర్డు చాలాసార్లు మిగులుతుంది. ప్లగ్ పీకి, మళ్లీ ఆన్ చేసి చూడకుండా, ఇండక్షన్ స్టవ్ బోర్డులు బాగుచేసే మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లండి. అదే రేటింగ్ ఉన్న ఫ్యూజ్, వేరిస్టర్ వేయించండి. ఫ్యూజ్ దొరకలేదని రాగి తీగ చుట్టి ఇస్తానంటే ఒప్పుకోవద్దు. కుక్కర్ అడుగున గిన్నెకు దగ్గరగా ఉండే థర్మల్ ఫ్యూజ్‌ను కూడా తీగతో కలిపేయనివ్వొద్దు, కుక్కర్ అదుపు తప్పి వేడెక్కితే మంటలు రాకుండా చివరగా ఆపేది అదే. రిపేర్ అయి ఇంటికొచ్చాక మళ్లీ నీళ్ల టెస్టు చేసి, అప్పుడు బియ్యం పోయండి.